పెద్దపాదం నడిచే ముందు: నెల్లూరు పల్లపు నేల మీద కొండనడక సాధన

శబరిమల అయ్యప్ప దర్శనానికి ఎరుమేలి నుంచి పంబ దాకా అడవి దారిన నడిచే పెద్దపాదం యాత్రకు ఈ ఏడు వెళ్ళాలనుకుంటున్నారా? అయితే మాలధారణ రోజు దాకా ఆగకండి. నడక ఇప్పుడే మొదలుపెట్టండి. నెల్లూరు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట ప్రాంతాల్లో పుట్టి పెరిగిన వాళ్ళ కాళ్ళకు తెలిసింది సమతలపు నేల. కాలవ గట్టు ఎక్కడమే మనకు ఎత్తు ఎక్కడం. అలాంటి కాళ్ళతో వెళ్ళి ఆ దారిలోని అళుదమేడు కొండ కింద నిలబడితే, మొదటి అరగంటలోనే పిక్కలు పట్టేస్తాయి. ఇంకా కరిమల కొండ మిగిలే ఉంటుంది. కరిమల దిగి పంబలో స్నానం చేశాక నీలిమల, అప్పాచిమేడు ఎక్కాలి.

ప్రతి బృందంలోనూ ఒకరో ఇద్దరో కరిమల మధ్యలో చతికిలబడటం చూస్తూనే ఉంటాం. వారికి భక్తి తక్కువై కాదు, దీక్షలో లోపం ఉండీ కాదు. ఆ కాళ్ళకు, ఆ గుండెకు ఎత్తు అలవాటు లేదు, అంతే. ‘దేహబలం తా, పాదబలం తా’ అని దారి పొడవునా స్వామిని అడుగుతాం. ఆ బలాన్ని ఇంటి దగ్గరే, రెండు మూడు నెలల ముందు నుంచే కూడబెట్టుకోవచ్చు. నవంబరు నడిమిలో నలభై ఒక్క రోజుల దీక్ష సాగే మండల కాలం మొదలవుతుంది కాబట్టి, వినాయక నిమజ్జనం అయిన వారంలోనే సాధన ప్రారంభిస్తే సరిపోతుంది.

మాల వేసుకున్నాక చూద్దాంలే అనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. దీక్షలో తెల్లవారుజామున లేచి చన్నీటి స్నానం, పూజ, మధ్యాహ్నం ఒక పూట భిక్ష, రాత్రి అల్పాహారం, నేల మీద పడక. పగలు మన ఉద్యోగం, వ్యవసాయం మామూలే. ఆ నలభై ఒక్క రోజులు ఉన్న బలాన్ని కాపాడుకోవడానికే తప్ప కొత్త బలం తెచ్చుకోవడానికి అనువైనవి కావు. పైగా నవంబరు, డిసెంబరు నెలల్లో మన తీరానికి వాయుగుండాల కాలం. వారం రోజులు ముసురు పట్టిందంటే బయట నడవడం కుదరదు. బరువైన సాధనంతా మాలకు ముందే పూర్తి కావాలి.

ముందు డాక్టరు దగ్గరికి

నలభై దాటిన వారు, బీపీ, షుగరు ఉన్నవారు, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు డాక్టరును కలవకుండా ఈ సాధన మొదలుపెట్టకండి. ఫలానా నెలలో అడవి దారిన కొండలు ఎక్కబోతున్నానని స్పష్టంగా చెప్పండి. ఈసీజీ చాలో, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో వారే చెబుతారు. నీలిమల, అప్పాచిమేడు దగ్గర గుండె వైద్య కేంద్రాలు, దారిలో ఆక్సిజన్ పార్లర్లు ఏర్పాటు చేస్తున్నారంటే, అక్కడ ఎంతమందికి ఆ అవసరం పడుతోందో ఊహించుకోండి.

ఇంకో మాట. మాల వేసుకున్నాక మందులు మానేసే వారు మన చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. దయచేసి మానకండి. దీక్షకు బీపీ మాత్ర అడ్డు కాదు. షుగరు మందుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. భోజనం ఒక పూటకు తగ్గినప్పుడు పాత మోతాదే వేసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మోతాదు ఎలా మార్చాలో డాక్టరును అడగండి. సొంతంగా నిర్ణయించుకోకండి.

మొదటి మూడు వారాలు: కొండ జోలికి వెళ్ళకండి

ముందు సమతలం మీదే నడవండి. వారానికి అయిదు రోజులు, తెల్లవారుజామున అయిదు గంటలకు. సెప్టెంబరులో మన దగ్గర ఎనిమిది దాటితే ఎండ చురుక్కుమంటుంది, ఉక్క కూడా ఎక్కువే. మీ ఊరి చెరువు కట్ట గానీ, పెన్నా గట్టు గానీ, వాహనాలు తక్కువగా ఉండే ఏ మట్టి దారి గానీ మంచిదే. మొదటి వారం అరగంట, మూడో వారానికి గంట. ఆదివారం మాత్రం ఇంకో అరగంట కలపండి. వారం వారం కొంచెమే పెంచాలి. నిన్న కాళ్ళు తేలిగ్గా ఉన్నాయని ఇవాళ రెట్టింపు నడిస్తే మడమ నొప్పితో పదిహేను రోజులు ఇంట్లో కూర్చోవలసి వస్తుంది.

సముద్రం దగ్గరగా ఉన్నవారు వారానికి ఒకసారి మైపాడులాంటి తీరంలో మెత్తని ఇసుక మీద నడవండి. కాలు కూరుకుపోయిన ప్రతిసారీ చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలు పనిచేస్తాయి. అడవిలో వేళ్ళ మీద, దొర్లే రాళ్ళ మీద కాలు మడత పడకుండా కాపాడేవి అవే.

ఈ మూడు వారాల్లోనే రోజూ పది నిమిషాల వ్యాయామం అలవాటు చేసుకోండి. వినాయకుడి ముందు తీసే గుంజీళ్ళే, కాకపోతే నెమ్మదిగా: మూడు అంకెలు లెక్కపెడుతూ దిగి, ఒక అంకెలో లేవాలి. పదిహేను తీసి, నిమిషం ఆగి, మళ్ళీ తీయండి. మొత్తం మూడు విడతలు. తరువాత మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకి ఎత్తి, మెట్టు కన్నా కిందికి దించండి. గోడ పట్టుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు గుంజీళ్ళు సగం దాకా దిగితే చాలు.

మెట్లు, ఆ తరువాత కొండలు

నాలుగో వారం నుంచి ఎత్తు మొదలవుతుంది. వారానికి రెండు రోజులు మేడ మెట్లు. ఒక అంతస్తు ఎక్కితే దాదాపు మూడు మీటర్లు పైకి వెళ్ళినట్టు. మూడంతస్తుల అపార్టుమెంటు మెట్లు కింది నుంచి పైదాకా పదిసార్లు ఎక్కితే తొంభై మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు, అంటే సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు. ఆ లెక్కన అదే అపార్టుమెంటును దాదాపు ఎనభై సార్లు ఎక్కితే గానీ ఒక తిరుమల కొండ కాదు. మేడ మెట్లు పనికొస్తాయి, వాన రోజుల్లో అవే దిక్కు కూడా. వాటితోనే సరిపెట్టుకుంటే మాత్రం కాళ్ళు మోసపోతాయి. నిమిషానికోసారి దిగుతూ ఊపిరి తీసుకునే కాలికి, గంటసేపు ఆగకుండా ఎక్కడం ఎలా ఉంటుందో తెలియదు.

అందుకే ఆదివారాలు కొండకు. మనకు దగ్గరలో నరసింహకొండ ఉంది, నెల్లూరు నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. చిన్న కొండే. మెట్ల మీదుగా ఎక్కి, దర్శనం చేసుకొని, ఘాట్ రోడ్డు మీదుగా దిగి, మళ్ళీ ఎక్కండి. మొదటి ఆదివారం ఒకసారి, తరువాత రెండు, ఆపై మూడు. మెట్టు ఒక రకం పరీక్ష, ఏటవాలు రోడ్డు మరో రకం పరీక్ష. మెట్టు మీద తొడలు అలుస్తాయి, ఏటవాలు మీద పిక్కలు, మడమ వెనక నరం లాగుతాయి. పెద్దపాదంలో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి రెండూ కావాలి.

ఏడో వారం దాటాక పెంచలకోన వెళ్ళండి. రాపూరు మండలంలో వెలిగొండల పాదాన ఉన్న ఆ క్షేత్రం దగ్గర, కోన వెంట జలపాతం వైపు పోయే దారిలో రాళ్ళు, చెట్ల వేళ్ళు, తడి బండలు ఉంటాయి. మన జిల్లాలో అడవి దారిని పోలిన నేల కావాలంటే అదే. వానలప్పుడు కోనలో నీరు హఠాత్తుగా పెరుగుతుంది. గుడి దగ్గర అడిగి, అటవీ సిబ్బంది వెళ్ళనిచ్చినంత దూరమే వెళ్ళండి.

ఇక ఉదయగిరి దుర్గం. సముద్ర మట్టానికి 3079 అడుగుల ఎత్తున్న ఆ కొండ మన సాధనకు అసలైన గురువు. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఎక్కుతుంటే అంత కాలం ఎందుకు పట్టిందో కాళ్ళకే తెలుస్తుంది. తెల్లవారగానే మొదలుపెట్టండి, ఊళ్ళో దారి తెలిసినవారిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. తలా మూడు లీటర్ల నీళ్ళు తప్పనిసరి, పైన దొరుకుతాయని నమ్ముకోవద్దు. మాలధారణకు ముందు రెండుసార్లయినా ఈ కొండ ఎక్కి దిగగలిగితే కరిమల గురించి భయం సగం పోతుంది.

కుదిరినప్పుడు శని, ఆదివారాలు వరసగా నడవండి. పెద్దపాదంలో చాలా బృందాలు దారిలో ఒక రాత్రి బస చేసి మరునాడు మళ్ళీ నడుస్తాయి. నిన్నటి అలసట తీరని కాళ్ళతో పొద్దున్నే లేచి ఎక్కడం వేరే విద్య. దాన్ని ఇక్కడే నేర్చుకోవాలి.

ఎక్కే తీరు

బలం ఎంత ఉన్నా, ఎక్కే పద్ధతి తెలియకపోతే వృథా అయిపోతుంది. కుర్రవాళ్ళు కొండ మొదట్లో పరుగులాంటి నడకతో వెళ్ళి, పావుగంటలో రొప్పుతూ కూర్చుంటారు. ఈలోగా పాత స్వాములు వారిని దాటి వెళ్ళిపోతారు. ఆ పెద్దల నడక గమనించండి. అడుగు చిన్నది. పాదం మొత్తం నేలకు ఆనుతుంది. మునివేళ్ళ మీద ఎక్కితే పిక్కలే మొత్తం బరువు మోస్తాయి. పాదం పూర్తిగా ఆనితే తొడలు, పిరుదుల కండరాలు పంచుకుంటాయి. మనిషి శరీరంలో అతి పెద్ద కండరాలు అక్కడే ఉన్నాయి, వాటి చేత పని చేయించండి.

వేగం తెలుసుకోవడానికి చేతి గడియారం అక్కరలేదు. శరణుఘోష చాలు. ‘స్వామియే శరణమయ్యప్ప’ అని మధ్యలో ఊపిరి తెగకుండా పూర్తిగా పలకగలిగితే వేగం సరిగ్గా ఉంది. ‘శరణ...’ దగ్గరే ఊపిరి తెగితే తగ్గించండి. ఆగవద్దు, తగ్గించండి. ఇంటి విషయాలన్నీ తాపీగా చెప్పుకుంటూ నడవగలుగుతున్నారంటే, సాధనలో మాత్రం కొంచెం పెంచవచ్చు. నరసింహకొండ మెట్ల మీద ఈ కొలత అలవాటైతే కరిమల మీద దానంతట అదే పనిచేస్తుంది. పెద్దలు నడకకూ శరణుఘోషకూ ముడిపెట్టడంలో ఈ ప్రయోజనం కూడా ఉందని నాకు గట్టి నమ్మకం.

మరీ నిటారుగా ఉన్న చోట ఒక ఉపాయం ఉంది. ముందు కాలు పైన పెట్టి, ఇంకా బరువు వేయకుండా, వెనక కాలి మోకాలిని నిటారుగా చేసి దాని మీద ఒక్క క్షణం నిలబడండి. ఆ క్షణంలో బరువు ఎముక మోస్తుంది, తొడ కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. తరువాత ముందు కాలి మీదికి మారండి. ప్రతి అడుగుకూ ఇలాగే. చూసేవారికి నెమ్మదిగా కనిపిస్తుంది, గంట తరువాత కూడా మీరు నడుస్తూనే ఉంటారు. కూర్చునే విశ్రాంతి కన్నా నిలబడి తీసుకునే విశ్రాంతి మంచిది. ఎక్కువ సేపు కూర్చుంటే కండరాలు చల్లబడి బిగుసుకుంటాయి, లేచాక మొదటి పది అడుగులు నరకం.

ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్ళు తిరగడం: ఇవి అలసట గుర్తులు కావు. సాధనలో గానీ యాత్రలో గానీ వీటిలో ఏది కనిపించినా వెంటనే కూర్చోండి, పక్కవారికి చెప్పండి, వైద్య సహాయం పిలిపించండి. ఇంకాస్త ఓర్చుకుంటే శిఖరం వస్తుందని నడవకండి.

దిగడం కూడా నేర్చుకోవాలి

సాధన చేసేవారు కూడా దీన్ని మరిచిపోతారు. కరిమల ఎక్కిన తరువాత పంబ వైపు దిగుడు చాలా పొడవు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి, అందుకే మరునాడు, ఆ మరునాడు మెట్టు దిగలేనంతగా నొప్పులు వస్తాయి. ఊపిరి ఆడుతుంది కాబట్టి దిగుడు సులభం అనిపిస్తుంది. మోకాళ్ళు మాత్రం అక్కడే దెబ్బతింటాయి.

మంచి విషయం ఏమిటంటే, ఈ నొప్పికి శరీరం త్వరగా అలవాటు పడుతుంది. ఒకసారి దిగుడు సాధన చేసి, ఆ నొప్పులు తగ్గాక మళ్ళీ దిగితే రెండోసారి నొప్పి బాగా తక్కువగా ఉంటుంది. ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. కాబట్టి లిఫ్టులో దిగకండి, కొండ ఎక్కి ఆటోలో దిగకండి. ఇంట్లో అడుగు ఎత్తు పీట మీద ఒంటికాలితో నిలబడి, రెండో పాదం మడమ నేలను తాకేదాకా నెమ్మదిగా దించి, మళ్ళీ పైకి లేవండి. ఒక్కో కాలికి పది చొప్పున, వారానికి మూడు రోజులు. దిగేటప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి, చిన్న అడుగులు వేయండి. ఏటవాలు మరీ ఎక్కువైతే అడ్డంగా వంకరలు తిరుగుతూ దిగండి. చేతికర్ర ఉంటే మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది, దాన్ని కూడా సాధన రోజుల నుంచే వాడండి.

పాదాలు

దీక్షలో చెప్పులు ఉండవు. మాల వేసుకున్న మొదటి రోజే వట్టి కాళ్ళతో తారు రోడ్డెక్కితే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. మాలకు నెల రోజుల ముందు నుంచి, చెరువు కట్ట మీద నడకలో చివరి పది నిమిషాలు చెప్పులు చేతపట్టుకొని నడవండి. వారం వారం అయిదు నిమిషాలు పెంచుతూ, మెత్తని మట్టి నుంచి గరుకు మట్టికి, అక్కడి నుంచి గులకరాళ్ళకు వెళ్ళండి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు, గాజు పెంకుల మీద ఒక కన్ను ఉంచండి. చీకట్లో వట్టి కాళ్ళతో వద్దు.

ఇంటికి రాగానే పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాళ్ళు చూసుకోండి. రాత్రి కొబ్బరి నూనె రాస్తే పగుళ్ళు లోతుగా పడవు. చర్మం మందం కావాలి, పగలకూడదు. టీటీ సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే అడగండి. షుగరు వల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేని నడక గురించి డాక్టరు మాట విని, మీ బృందాన్ని నడిపించే గురుస్వామితో చెప్పండి. అడగడానికి సంకోచించకండి. కాలి పుండు మానక ఇబ్బంది పడటం కన్నా ఆ ఒక్క ప్రశ్న ఎంతో మేలు.

తల మీద బరువు

తల మీద మోసే పూజాద్రవ్యాల మూట ఇరుముడి. దాన్ని కట్టేది యాత్ర రోజునే. మెడకు మాత్రం ముందే అలవాటు చేయాలి. మామూలు గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి, మడిచిన తువ్వాలు మీద పెట్టుకొని, ఇంట్లో పది నిమిషాలు నడవండి. నెమ్మదిగా మీ ఇరుముడి ఎంత ఉండవచ్చో అంత బరువుకు పెంచి, మెట్లు ఎక్కండి. తల మీద బరువు ఉన్నప్పుడు కిందికి వంగి పాదాలు చూసుకోలేరు. చూపు నాలుగైదు అడుగుల ముందు పెట్టి దారిని గుర్తుపెట్టుకుంటూ నడవాలి. ఒక చెయ్యి ముడి మీద ఉంటుంది కాబట్టి రెండో చేత్తో కర్ర పట్టుకొని తూకం చూసుకోండి. భుజాన వేసే సంచిలో అనవసరమైనది ఒక్కటి కూడా వద్దు. రెండు జతల బట్టలు, దుప్పటి, టార్చి, ఓఆర్ఎస్ పొట్లాలు, రోజూ వేసుకునే మందులు చాలు. అడవి తడిగా ఉంటే జలగలు పడతాయి, కాస్త ఉప్పు దగ్గర ఉంచుకోండి.

దీక్షలో

మాల పడ్డాక నడక వారానికి నాలుగు రోజులకు, రోజుకు ముప్పావు గంటకు తగ్గించండి. మెట్లు ఒక రోజు. తెల్లవారుజామున స్నానం, పూజ అయ్యాక అయ్యప్ప గుడి దాకా నడిచి వెళ్ళి రావడం చాలామందికి వీలుగా ఉంటుంది. తోటి స్వాములు కలిస్తే మానకుండా సాగుతుంది కూడా.

నెల్లూరు వాళ్ళకు చేపలు రోజువారీ తిండి. మాలతో అవి, మాంసం, గుడ్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. కండరానికి కావలసిన మాంసకృత్తులు ఇంకోచోట నుంచి రావాలి. భిక్షలో పప్పు రెండు గరిటెలు ఎక్కువ వేయించుకోండి, పెరుగు వదలకండి. రాత్రి అల్పాహారంలో గుగ్గిళ్ళు, పెసరట్టు, రాగిజావ మంచివి. ఉత్త ఉప్మాతో, అరటిపండుతో సరిపెట్టుకుంటే మూడో వారానికి నీరసం వస్తుంది. ఆహారం విషయంలో గురుస్వామి చెప్పిన నియమాలకు లోబడే ఇదంతా చేయవచ్చు.

మాలకు ముందు, అక్టోబరులో, ఒకసారి అలిపిరి మెట్ల దారిన తిరుమల వెళ్ళి రండి. గాలిగోపురం దాకా నిటారు మెట్లు, తరువాత కొంత దూరం చదును, చివర్లో మోకాళ్ళ పర్వతం: మీ సాధన ఎక్కడ నిలిచిందో ఆ దారి స్పష్టంగా చెబుతుంది. 2023 తరువాత చిరుతల భయంతో ఆ దారిలో పిల్లలకు, వేళలకు ఆంక్షలు పెట్టారు కాబట్టి బయలుదేరే ముందు నిబంధనలు కనుక్కోండి. గాలిగోపురం చేరేసరికి శరణుఘోష పలకలేకపోతుంటే, లేదా మరునాడు మెట్లు దిగలేకపోతే, ఇంకో నెల ఎక్కువ సాధన చేసి మకరజ్యోతికి దగ్గరగా ప్రయాణం పెట్టుకోండి. అదీ కుదరకపోతే ఈ ఏటికి పంబ నుంచి చిన్నపాదమే నడవండి. అక్కడ కూడా నీలిమల కష్టమనిపిస్తే, ఎత్తు తక్కువగా ఉండే స్వామి అయ్యప్పన్ రోడ్డు ఉంది. వయసు మళ్ళిన తల్లిదండ్రులను వెంట తీసుకెళ్ళేవారు ముందే ఆ దారిని ఎంచుకోవడం మేలు.

ప్రయాణానికి ముందు చివరి వారం కొండలు, మెట్లు పూర్తిగా ఆపండి. రోజూ అరగంట మెల్లగా నడిచి, రాత్రి పెందలాడే పడుకోండి. ఆ వారంలో కొత్తగా వచ్చే బలం ఏమీ ఉండదు, ఉన్న అలసట తీరితే చాలు. అడవి దారిలో ఏ చోట ఏ వేళ దాకా లోపలికి వదులుతారో ఆ ఏటి వివరాలు, దర్శనం బుకింగు కాగితాలు గురుస్వామి దగ్గర సరిచూసుకోండి. ఏనుగులు తిరిగే అడవి కాబట్టి వేళ దాటితే ఆపేస్తారు. అళుదా నది దగ్గరికి పొద్దున్నే చేరేలా బయలుదేరితే, నీళ్ళలో మునిగి, ఆచారం ప్రకారం ఒక రాయి తీసుకొని, ఎండ ఎక్కకముందే అళుదమేడు ఎక్కడం మొదలుపెట్టవచ్చు.